బొమ్మ రైలింజను – జీర్ణోద్ధారం

దక్కను ప్రాంతపు దానశాసనాలను చదివేవారికి ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం’ అనే సమాసం తరచుగా ఎదురవుతుంది. ఖండమంటే విరిగినది, స్ఫుటితమంటే బీటలు వారినది, జీర్ణమంటే కాలం తినివేసినది. ఆలయానికి భూమిని దానం చేసిన రాజుగాని, సామంతుడుగాని దాని ఆదాయంలో కొంత నైవేద్యానికి, కొంత దీపారాధనకు కేటాయించి, మరికొంత ఈ మరమ్మతులకు విడిచిపెట్టేవాడు. గుడి నిలిచి ఉన్నప్పుడే, అది ఒకనాడు పగులుతుందని తలచి ఏర్పాటు చేయడం ఆనాటివారి దూరదృష్టికి నిదర్శనం. అయితే ఈ సమాసంలో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. ‘చెడిపోయినది’ అని ఒక్క మాటతో వారు సరిపెట్టలేదు. విరగడం వేరు, బీటలు వారడం వేరు, శిథిలం కావడం వేరు అని విడదీసి చెప్పారు. మరమ్మతు అనేది ఈ విడదీసి చూడడంతోనే మొదలవుతుంది. చేతిలోకి పనిముట్టు రావడం ఆ తరువాతి సంగతి.

రాతికట్టడానికి చెప్పిన ఈ మాట యంత్రానికీ వర్తిస్తుంది. అందుకు బొంతపల్లి పరిసరాలే చాలు. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని ఈ ఊరు భద్రకాళీ సమేత వీరభద్రస్వామి ఆలయానికి ప్రసిద్ధి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం మీదుగా విస్తరించిన పారిశ్రామిక ప్రాంతంలో బొంతపల్లి కూడా ఒక భాగం. ఇక్కడి మందుల కర్మాగారాలలో ద్రవాలను తోడేది, రసాయనాలను కలియబెట్టేది, గాలిని బయటికి నెట్టేది అన్నీ విద్యుత్ మోటార్లే. ప్రహరీగోడకు ఆవల పొలాల్లో బోరుబావి నీటిని పైకి తెచ్చేదీ మోటారే. వోల్టేజి బాగా పడిపోయినా, మూడు ఫేజులలో ఒకటి పోయినా మోటారు బరువును లాగలేక మూలుగుతుంది. సమయానికి ఆపకపోతే తీగచుట్టలు వేడెక్కి, వాటి పైపూత మాడిపోతుంది. ‘మోటారు కాలింది’ అన్న మాట తెలంగాణ రైతు ఇంట ఎంతటి దిగులు పుట్టిస్తుందో ఎండుతున్న వరిమడిని చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

కాలిన మోటారు వైండింగ్ దుకాణానికి చేరుతుంది. అక్కడి పనివాడు వెంటనే పాత తీగను కోసి పారవేయడు. ఇనుప చట్రంలో ఎన్ని గాళ్ళున్నాయి, ఒక చుట్ట ఏ గాడిలో మొదలై ఏ గాడిలో ముగిసింది, ఒక్కొక్క చుట్టలో ఎన్ని చుట్లున్నాయి, తీగ ఎంత మందం, కొసలను ఎలా కలిపారు అన్నవి ముందుగా చూసి చీటీమీదనో, నోటుపుస్తకంలోనో రాసుకుంటాడు. తీసిన రాగిని తూకం వేస్తే కొత్త తీగ ఎంత కావాలో అంచనాకు వస్తుంది. తరువాత గాళ్ళలో లెదరాయిడ్ కాగితం పరచి, కొత్త చుట్టలను దించి, వార్నిష్ పట్టించి ఆరబెడతాడు. ఈ పనిని చాలామంది బడిలోకాక మరొక పనివాడి పక్కన కూర్చుని నేర్చుకొన్నవారే. భౌతికశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి సైతం ఆ చీటీలోని అంకెల అర్థాన్ని ఒక్కసారిగా గ్రహించలేడు.

పంపు మోటారును విప్పి పరీక్షించే అవకాశం విద్యార్థికి సులభంగా దొరకదు. దాని బరువు, దానికి కావలసిన కరెంటు రెండూ ప్రమాదకరమైనవే. అరచేతిలో ఇమిడే మోటారు ఒకటి ఉన్నది. అది పాతకాలపు బొమ్మ రైలింజనులోనిది. పట్టాలగుండా అందే 12 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో అది తిరుగుతుంది. దాని భాగాలన్నీ కంటికి కనబడతాయి. పంపు మోటారు ఏకాంతర విద్యుత్తుతో నడిచేది కనుక రెండింటి నిర్మాణం ఒకటి కాదు. కాని రాగితీగ, ఇనుము, అయస్కాంత బలం, వేడి, వీటి మధ్య జరిగే వ్యవహారం రెండింటిలోనూ ఒక్కటే.

బొమ్మ రైలు అన్నంత మాత్రాన దాన్ని చిన్నచూపు చూడరాదు. విద్యుత్ రైలు చరిత్ర బొమ్మతోనే ఆరంభమైందని చెప్పవచ్చు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి ఉండేవాడు. ఇనుప ఖనిజాన్ని వేరుచేయడానికి వాడే ఒక విద్యుదయస్కాంతాన్ని 1833లో కొని ఇంటికి తెచ్చాడు. దానితో పని చేయించడానికి బదులు దాని తీగను చుట్టు చుట్టుగా విప్పసాగాడు. అది ఎలా చుట్టబడి ఉన్నదో అతని భార్య ఎమిలీ పక్కన కూర్చుని రాసుకొన్నది. మళ్ళీ చుట్టేటప్పుడు తీగకు తీగ తగలకుండా ఉండడానికి ఆమె తన పెళ్ళినాటి పట్టువస్త్రాన్ని చింపి ఇచ్చిందని చెబుతారు. నేటి వైండింగ్ దుకాణంలోని చీటీకి, లెదరాయిడ్ కాగితానికి ఆ దంపతులే పూర్వులు అనిపిస్తుంది. డావెన్‌పోర్ట్ తయారుచేసిన మోటారు 1835లో గుండ్రని పట్టాలపై ఒక చిన్న బండిని నడిపింది. 1837లో అతనికి పేటెంటు లభించినా సంపద లభించలేదు. మనుషులను మోసిన విద్యుత్ రైలును వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1879లో బెర్లిన్ ప్రదర్శనలో నడిపి చూపాడు. మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు నడిచింది.

ఇక ఆటవస్తువుగా రైలు సంగతి. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పుకు నిర్ణీత కొలతలతో బొమ్మ రైళ్ళను ప్రదర్శించింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్ళతో ప్రారంభించాడు. ఆయన 1936లో మరణించాడు. ఆయన పేరుతోనే 1938లో ‘హార్న్‌బీ డబ్లో’ అనే చిన్న రైళ్ళు వచ్చాయి. వాటి పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అసలు ఇంజనులో 76 అంగుళాలు ఇందులో ఒక్క అంగుళం. పోటీదారు అయిన ట్రయాంగ్ సంస్థ ఇంజనులలో ‘ఎక్స్‌04’ అనే మోటారు ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్నది. మన దేశంలో ఇటువంటి చిన్న రైళ్ళను చూడదలచినవారికి పుణె నగరంలో భావుసాహెబ్ జోషి నెలకొల్పిన సూక్ష్మ రైల్వే ప్రదర్శనశాల 1998 నుంచి ప్రసిద్ధమైనది.

అటువంటి ఇంజను ఒకటి ఏ అటకమీదనో ముప్పై నలభై ఏళ్ళు పడి ఉండి చేతికి వచ్చిందనుకొందాం. పట్టాలపై పెట్టి కరెంటు ఇస్తే కదలదు. మోటారు కాలిపోయిందని ఇంటిల్లిపాదీ తీర్పు చెబుతారు. ఈ తీర్పు చాలాసార్లు తప్పు. శాసనకారులకు అవసరపడని నాలుగో విభాగం ఒకటి యంత్రానికి ఉన్నది. దాని పేరు మకిలి. పాత నూనె ఏళ్ళు గడిచేకొద్దీ జిగురై, ఆపై బంకగా గట్టిపడుతుంది. పళ్ళచక్రాలను అది పట్టి నిలుపుతుంది. పట్టాలమీద, చక్రాల అంచులమీద నల్లని పొర పేరుకొని విద్యుత్తును లోపలికి రానివ్వదు. కాబట్టి మొదట శుభ్రం చేయవలసినది పట్టాలను, చక్రాలను. మోటారు వంతు తరువాత వస్తుంది. ఇంటి గోడలోని 230 వోల్టుల విద్యుత్తును ఈ ఇంజనుకు నేరుగా ఎన్నడూ తగిలించరాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న కంట్రోలరుతోగాని, తగిన బ్యాటరీతోగాని మాత్రమే పరీక్షించాలి.

చక్రాలను వేలితో మెల్లగా తిప్పి చూడాలి. తిరగకపోతే కరెంటు ఇవ్వడం అపాయం. దీని కారణం తెలుసుకోదగినది. మోటారు తిరుగుతున్నప్పుడు దాని తీగచుట్టలలోనే వ్యతిరేక విద్యుచ్చాలక బలం పుట్టి, బయటినుంచి వచ్చే ప్రవాహాన్ని అదుపులో ఉంచుతుంది. తిరగని మోటారులో ఆ అదుపు ఉండదు. ప్రవాహమంతా సన్నని తీగలోకి దూరి వేడిగా మారుతుంది. బురదలో ఇరుక్కున్న పంపు మోటారు కాలడానికీ, బంకలో ఇరుక్కున్న బొమ్మ ఇంజను కాలడానికీ మూలం ఒక్కటే. ‘ఇంకాస్త వోల్టేజి పెంచితే కదులుతుందేమో’ అన్న తొందరపాటు వల్ల, అంతవరకు మకిలి మాత్రమే ఉన్న మోటారు నిజంగానే కాలిపోతుంది.

మోటారు పనితీరు అర్థమైతే తరువాతి మెట్టు సులభమవుతుంది. శాశ్వతాయస్కాంతం రెండు ధ్రువాల మధ్య ఆర్మేచర్ తిరుగుతుంది. ఆర్మేచర్‌కు మూడు ఇనుప కొమ్మలు, ఒక్కొక్క కొమ్మకు ఒక రాగితీగ చుట్ట. ఇరుసుమీద మూడు రాగి పలకలు గల కమ్యుటేటర్ ఉంటుంది. రెండు కార్బన్ బ్రష్షులు దానిని ఇరువైపులా తాకుతూ విద్యుత్తును అందిస్తాయి. ఇరుసు తిరిగేకొద్దీ ఏ చుట్టకు ఏ దిశలో ప్రవాహం అందాలో కమ్యుటేటర్ మారుస్తూ పోతుంది. కొమ్మలు మూడు ఎందుకు, రెండు చాలవా అన్న సందేహం కలుగుతుంది. రెండే ఉంటే ఇంజను ఒక్కొక్కసారి కదలని స్థానంలో ఆగిపోతుంది, మళ్ళీ బయలుదేరదు. మూడు ఉంటే ఎక్కడ ఆగినా ఏదో ఒక కొమ్మ దానిని కదిలిస్తుంది. పట్టాలకు అందే విద్యుత్తు దిశను మారిస్తే ఇంజను వెనుకకు నడవడం కూడా శాశ్వతాయస్కాంతం చలవే.

కమ్యుటేటర్ పలకల మధ్య సన్నని సందులుంటాయి. అరిగిన కార్బన్ పొడి ఆ సందులలో నిండితే విద్యుత్తు చుట్టలలోకి పోకుండా అడ్డదారిన పోతుంది. పుల్లను సన్నగా చెక్కి ఆ పొడిని మెల్లగా తీయాలి. స్పిరిటులో తడిపిన గుడ్డతో పలకలను తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే రాగిమీద గీతలు పడి బ్రష్షులు త్వరగా అరుగుతాయి. బేరింగుకు సూదిమొనతో ఒక్క నూనెచుక్క చాలు. ఆ చుక్క పొరపాటున కమ్యుటేటర్‌మీద పడితే కార్బన్ పొడితో కలిసి ముద్ద కడుతుంది. నూనె ఎంత ఎక్కువ పోస్తే అంత మేలు అనే నమ్మకం వల్ల చెడిన యంత్రాలు లోకంలో తక్కువేమీ కావు.

ఎక్స్‌04 మోటారులో రెండు బ్రష్షులనూ ఒకే తీగ స్ప్రింగు అదిమి పడుతుంది. ఆ స్ప్రింగు ఒక కాలికి మాత్రం బియ్యపుగింజంత ప్రమాణంలో విద్యుత్తు సోకని తొడుగు ఉంటుంది. అది జారిపోతే ఒక బ్రష్షునుంచి రెండవ దానికి స్ప్రింగుగుండానే విద్యుత్తు పారి, ఆర్మేచర్‌కు ఏమీ మిగలదు. ఎంతో ఖరీదైన ఇంజను అంత చిన్న తొడుగు లేక మూగబోతుంది. దానిని తిరిగి తొడిగితే చాలు. ఇట్టి సందర్భంలో మోటారునే మార్చివేసేవాడు మరమ్మతు చేసినట్లు కాదు, బేరం చేసినట్లు.

ఇవన్నీ చూసిన తరువాత కూడా మోటారు తిరగకపోతే తీగచుట్టలను అనుమానించాలి. ఇక్కడ కంటికంటె కొలత నమ్మదగినది. మల్టీమీటరుతో మూడు పలకలలో ఏ రెండింటి మధ్యనైనా నిరోధాన్ని కొలవవచ్చు. ఒక్కొక్క చుట్ట నిరోధం 12 ఓములు అనుకొందాం. మూడు చుట్టలూ త్రిభుజంగా కలిసి ఉంటాయి కనుక ఏ రెండు పలకల మధ్య చూసినా ఒక దారి 12 ఓములు, రెండవ దారి 24 ఓములు. ఈ రెండూ సమాంతర సంధానంలో ఉండడంవల్ల మీటరు 8 ఓములు చూపుతుంది. మూడు చోట్లా 8 వస్తే చుట్టలు క్షేమం. ఒక చుట్ట తెగితే అంకెలు 24, 12, 12గా మారుతాయి. రెట్టింపు అంకె వచ్చిన రెండు పలకల మధ్యనున్న చుట్టే తెగినది. పైపూత మాడి చుట్లు లోలోపల అంటుకొంటే అంకె తగ్గుతుంది. తరగతిలో నల్లబల్లమీద చేసిన నిరోధాల లెక్క ఇక్కడ రోగి నాడి పట్టి చూపుతున్నది. తెగిన చుట్టకూ ఎప్పుడూ కొత్త తీగ అక్కరలేదు. చాలాసార్లు తీగకొస కమ్యుటేటర్ దగ్గర టంకం ఊడి విడివడి ఉంటుంది. దానిని తిరిగి అతికిస్తే సరిపోతుంది.

ఆర్మేచర్‌ను బయటికి తీయవలసి వచ్చినప్పుడు అన్నిటికంటె పెద్ద ఆపద ఎదురవుతుంది. ఆనాటి అయస్కాంతాలు ఎక్కువగా అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ‘అల్నికో’ అనే మిశ్రలోహంతో చేసినవి. ఆ అయస్కాంతపు రెండు ధ్రువాల మధ్య ఇనుము ఉన్నంతకాలం దాని బలం నిలుస్తుంది. ఆ ఇనుము ఆర్మేచరే. దానిని తీసివేసి ఖాళీగా వదిలితే అయస్కాంతం తన బలంలో కొంత కోల్పోతుంది. తిరిగి పెట్టినా పోయిన బలం రాదు. అందువల్ల తెలిసినవారు ఆర్మేచర్‌ను ఒకవైపునుంచి జరుపుతూ, రెండవవైపునుంచి మెత్తని ఇనుప ముక్కను లోపలికి జొప్పిస్తారు. ఈ ఒక్క సంగతి తెలియక, శుభ్రం చేద్దామన్న మంచి ఉద్దేశంతోనే మోటార్లను బలహీనపరచినవారు ఎందరో. పైకి ఏ గీతా పడదు, ఏ భాగమూ విరగదు కనుక జరిగిన నష్టం వెంటనే తెలియదు కూడా. బలం తగ్గిన మోటారు ఇంకొక భ్రమను కూడా కలిగిస్తుంది. బరువు లేనప్పుడు అది మునుపటికంటె వేగంగా తిరుగుతుంది! బాగుపడిందని సంతోషించి నాలుగు పెట్టెలు తగిలిస్తే లాగలేక వేడెక్కుతుంది. దానికి తిరిగి అయస్కాంతత్వం ఎక్కించే సాధనాలు ఉన్నాయి. 1980లలో వచ్చిన నియోడిమియం అయస్కాంతాలను చిన్న ముక్కలుగా అమర్చేవారూ ఉన్నారు. అయితే ఆ కొత్త అయస్కాంతం మరీ బలమైనదైతే ఆర్మేచర్ కొమ్మలను పట్టి ఆపుతూ నడకను కుదుపుతుంది.

చుట్ట నిజంగా కాలితే మళ్ళీ చుట్టవలసిందే. ఇక్కడ బొంతపల్లి పరిసరాలలోని వైండింగ్ పనివాడి పద్ధతికీ, బొమ్మ ఇంజను పద్ధతికీ తేడా లేదు. విప్పేటప్పుడు లెక్కపెట్టాలి, రాసుకోవాలి. తీగ మందం అదే ఉండాలి. మూడు కొమ్మలకూ చుట్ల సంఖ్య, చుట్టే దిశ ఒకే తీరున ఉండాలి. ఒకదానికి చుట్లు తగ్గితే మోటారు వణుకుతుంది. మందమైన తీగతో తక్కువ చుట్లు వేస్తే ప్రవాహం పెరిగి వేడి ఎక్కువవుతుంది. కొమ్మల అంచులు తీగను కోయకుండా ముందే వార్నిష్‌గాని, పలుచని కాగితంగాని వేయాలి. కొసలను టంకంతో అతికే ముందు పైపూతను గీకివేయాలి. లేకపోతే అతుకు అతికినట్లే కనిపించి విద్యుత్తును రానివ్వదు. బరువైన పంపు మోటారును అవలీలగా చుట్టే చేయి కూడా వెంట్రుక వంటి ఈ తీగ దగ్గర ఆగి ఆగి నడుస్తుంది. తీగను బిగించి లాగితే తెగుతుంది, వదులు చేస్తే తిరిగేటప్పుడు బయటికి చిమ్ముతుంది.

బాగుచేయరాని వాటిని గుర్తించడం కూడా మరమ్మతులో భాగమే. రెండవ ప్రపంచయుద్ధానికి ముందు పోతపోసిన కొన్ని ఇంజనుల జింకు మిశ్రలోహంలో సీసం వంటి మలినాలు కలిశాయి. ఏళ్ళు గడిచిన తరువాత ఆ లోహం ఉబ్బి, బీటలు వారి, చేతిలో పొడిగా రాలుతుంది. ఏ జిగురూ దానిని నిలపదు. కొత్త భాగాన్ని పోతపోయించడం తప్ప దారిలేదు.

ఇప్పటి బొమ్మ రైళ్ళ మోటార్లు చాలావరకు మూసిన రేకు డబ్బాలో వస్తున్నాయి. వాటిలో అయిదు కొమ్మలు గలవీ ఉన్నాయి. అవి నెమ్మదిగా, సాఫీగా నడుస్తాయి, విద్యుత్తును తక్కువగా వాడుతాయి. ఈ గుణాలను కాదనలేము. కాని డబ్బా అంచులను మడిచి మూసివేసినందువల్ల బ్రష్షులు అరిగినప్పుడు మోటారు మొత్తాన్ని పారవేయవలసిందే. పాత మోటారును తయారుచేసినవాడు రెండు మరమేకులు పెట్టి, ఇది ఎప్పుడైనా ఒకరు విప్పుతారు అని అంగీకరించాడు. మూసిన డబ్బాలో ఆ అంగీకారం లేదు. విప్పడానికి వీలులేని వస్తువులు పెరిగేకొద్దీ పక్కన కూర్చుని నేర్చుకొనే కుర్రవాడికి చూడడానికి ఏమీ మిగలదు. వైండింగ్ దుకాణంలో ఆ చీటీ రాయడం చేతనైనవారి తరువాత ఎవరు అన్న ప్రశ్న అక్కడినుంచే పుడుతున్నది.

కూర్చిన మోటారును వెంటనే పూర్తి వేగంతో నడపరాదు. సగం వేగంతో ముందుకు అరగంట, వెనుకకు అరగంట తిప్పితే కొత్త బ్రష్షులు కమ్యుటేటర్ వంపునకు సరిగా ఒదుగుతాయి. మధ్యమధ్య ఆపి వేలితో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉండడం సహజం. వేలు పెట్టలేనంత వేడి ఉంటే ఎక్కడో లోపం మిగిలి ఉన్నదని అర్థం. మాడిన వార్నిష్ వాసన వస్తే తక్షణం ఆపాలి. ఈ పరీక్షలు నెగ్గిన పిదప పెట్టెలను ఒక్కొక్కటిగా తగిలించి, ఒక్కొక్క పెట్టెకూ ఆమ్మీటరులో ప్రవాహం ఎంత పెరుగుతున్నదో రాసుకోవాలి. మోటారు తిరిగి లాగనని మొరాయించిన నాడు, మొదట తీసి చూడవలసినది ఆ కాగితమే.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధానం రాయండి: పాత బొమ్మ రైలింజను కదలనప్పుడు లోపాన్ని ఏ క్రమంలో వెదకాలో, ఆ క్రమం ఎందుకు అవసరమో వివరించండి.

సంగ్రహంగా రాయండి: ఆర్మేచర్‌ను తీసేటప్పుడు మెత్తని ఇనుప ముక్కను ఎందుకు జొప్పిస్తారు?

సందర్భసహితంగా వ్యాఖ్యానించండి: “ఇట్టి సందర్భంలో మోటారునే మార్చివేసేవాడు మరమ్మతు చేసినట్లు కాదు, బేరం చేసినట్లు.”

లెక్క కట్టండి: ఒక ఆర్మేచర్ పలకల మధ్య నిరోధాలు 30, 15, 15 ఓములుగా వచ్చాయి. తెగిన చుట్ట ఏది? దానిని సరిచేసిన తరువాత మూడు చోట్లా ఎంత నిరోధం రావాలి?